పేరులేని మగవాడి బొమ్మ: పురుష ఫ్యాషన్ పత్రికలపై ఒక సమీక్ష

ప్రశ్న ఎక్కడ చిక్కుపడింది

పెద్ద ప్రచురణ సంస్థ చేతిలోగాని, బట్టల కంపెనీ చేతిలోగాని లేకుండా, మగవాళ్ల దుస్తులనూ వాటిని తొడుక్కున్న మోడళ్లనూ చూపించడమే పనిగా పెట్టుకున్న పత్రికను స్వతంత్ర పురుష ఫ్యాషన్ పత్రిక అంటారు. ఏడాదికి రెండు సంచికలు, మందపాటి కాగితం, కొద్ది ప్రతులు, కాస్త బరువైన ధర దాని సాధారణ లక్షణాలు. మగవాడి బొమ్మ సినిమా పత్రికలోనూ ఉంటుంది, వ్యాయామ పత్రికలోనూ ఉంటుంది. అయితే సినిమా పత్రిక చూపేది ఫలానా హీరోని. వ్యాయామ పత్రిక చూపేది కండను. ఫ్యాషన్ పత్రిక చూపేది బట్టను, ఆ బట్టలో ఒక మనిషి నిలబడిన తీరును. ఆ మనిషి ఎవరో పాఠకుడికి తెలియనక్కర్లేదు. మోడల్ అన్న మాటకు అసలు అర్థం ఇదే.

తెలుగులో స్త్రీల పత్రికలకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. ‘హిందూ సుందరి’ 1902లో, ‘గృహలక్ష్మి’ 1928లో మొదలయ్యాయి. సినిమా పత్రికల సంప్రదాయమూ దిట్టమైనదే. మగవాడి కట్టూబట్టకు మాత్రం అలాంటి సంప్రదాయం ఏర్పడలేదు. ఎందుకు లేదని అడిగితే జవాబులు ఒకదానికొకటి పొసగవు. కొనేవాళ్లుండరని కొందరంటారు. మగవాడి ఒంటిని అలా చూపించడం అసభ్యమని కొందరు, అది డబ్బున్నవాళ్ల సోకని మరికొందరు అంటారు. ఆ పత్రికల్లో కనిపించే మగవాళ్లు మన ఊళ్లవాళ్లలా ఉండరన్నది ఇంకో మాట. అన్నీ కలగలిసిపోవడం వల్ల చర్చ ముందుకు సాగదు.

ఈ సమీక్షకు పరీక్షాస్థలం రామగిరి, గోదావరిఖని, రామగుండం బొగ్గు పట్టీ. మగవాడి ఒంటిని కష్టానికి గుర్తుగా తప్ప కంటికి ఇంపుగా చూపే అలవాటు లేని ప్రాంతమిది. అయినా నెలజీతాలున్న మగవాళ్లు, పండగకు బట్టలు కొనే కుటుంబాలు దండిగా ఉన్నందువల్ల పై నాలుగు జవాబులనూ ఇక్కడ నిలబెట్టి చూడవచ్చు.

నిజాం అలమర, సెలూన్ గోడ

పడమటి దేశాల మగవాడు పద్దెనిమిదో శతాబ్దం చివర రంగులూ నగిషీలూ వదులుకుని నల్లకోటులో దూరిపోయాడని, అలంకారమంతా స్త్రీకి అప్పగించాడని మనస్తత్వవేత్త జె.సి. ఫ్లూగెల్ 1930లో రాశాడు. దీన్ని ‘మగవాళ్ల మహాత్యాగం’ అన్నాడు. పురుష ఫ్యాషన్ మీద రాసేవాళ్లు చాలామంది ఇక్కణ్నుంచే మొదలుపెడతారు. తెలుగు నేల మీద మాత్రం ఆ త్యాగం పూర్తిగా జరిగిన దాఖలా లేదు. జరీ అంచు పట్టుపంచె, చెవి పోగులు, చేతికి కడియం, అత్తరు, తలకు రుమాలు మగవాడికి తగనివని ఎవరూ అనుకోలేదు. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక, బాపట్ల తీరాన చీరాల నేతగాళ్లు నేసిన తేలియా రుమాలు తలపాగాగా, లుంగీగా అరబ్బు దేశాల దాకా వెళ్లింది. అది మగవాళ్లు కట్టిన ఇక్కత్.

1869 నుంచి 1911 దాకా ఏలిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదని చెప్పుకుంటారు. ఆ మాట నిజమో కాదో గాని, ఆయన బట్టల కోసం చేయించిన రెండంతస్తుల చెక్క అలమర హైదరాబాద్ పురానీ హవేలీలో ఇప్పటికీ ఉంది. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్. ఒక మగవాడు ఫలానా దుస్తుల్లో, ఫలానా భంగిమలో, ఫలానా వెలుగులో కనిపించాలని నిశ్చయించుకుని ఫొటో తీయించుకోవడం తెలంగాణలో అప్పుడు కుదురుకుంది. బొగ్గు కథా ఆ పాలనలోదే. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కు పొందింది. దొరల బట్టల ఫొటోలు నిలిచాయి. తవ్వినవాళ్ల ఒంటి మీద ఏముండేదో చెప్పే బొమ్మలు బహు తక్కువ.

బట్ట కోసం కాక ఒంటి కోసమే చూసిన తొలి తెలుగు మగవాడు కోడి రామమూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టి, సర్కస్ డేరాల్లో ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకుని, కదలబోయే మోటార్లను ఆపి ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నాడు. అందరూ కళ్లారా చూసింది ఆ ఒంటినే అయినా పొగిడింది బలాన్ని. మగవాడి ఒళ్లు అందంగా ఉందని నేరుగా అనకుండా గట్టిగా ఉందని చెప్పడం అప్పటినుంచి తెలుగు మాటల్లో స్థిరపడింది.

సినిమా పత్రికలు వచ్చాక ఆ చోటు హీరోది అయింది. ‘విజయచిత్ర’ 1966లో, ‘సితార’ 1976లో వెలువడ్డాయి. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో కృష్ణ కౌబాయ్ టోపీ తెచ్చారు. శోభన్‌బాబు నుదుటి రింగు, బెల్‌బాటం, ఆ తర్వాత చిరంజీవి చొక్కాలు ఊరూరి దర్జీ దగ్గరికి వెళ్లాయి. 2007లో ‘దేశముదురు’తో తెలుగు తెర మీద సిక్స్‌ప్యాక్ మోజు, 2017లో ‘అర్జున్ రెడ్డి’తో గడ్డం మోజు ఊపందుకున్నాయని సాధారణంగా అంటారు. వీటన్నిటిలో బట్టకు విలువ తెచ్చింది మనిషి పేరు. విజయ్ దేవరకొండ 2018లో ‘రౌడీ’ పేరుతో బట్టల బ్రాండే పెట్టారు. తిరుప్పూరు రామ్‌రాజ్ పంచెలు తెలుగు ఇళ్లకు వెంకటేశ్ ముఖంతో వచ్చాయి. పంచె కట్టుకోవడం తెలిసిన జాతికి పంచె అమ్మడానికి కూడా హీరో కావలసి వచ్చింది.

అలాగని పేరులేని మగ మోడల్ తెలుగువాళ్లకు ఎదురుపడలేదని కాదు. సెలూన్ గోడ మీద క్రాఫుల చార్టులో ఒకటి నుంచి వరసగా అంకెలతో కనిపించే ముఖాలెవరివో ఎవరికీ తెలియదు. “ఆ మూడో నంబరు కొట్టు” అంటే సరిపోయేది. బనియన్ డబ్బా మీద నిలబడ్డవాడు, దర్జీ కొట్టులో సఫారీ సూటు పోస్టరులోవాడు, సూటింగ్ బట్టల దుకాణం అద్దంలోవాడు కూడా అలాంటివాళ్లే. తెలుగు ఫ్యాషన్ చరిత్ర రాసేవాళ్లు ఈ గోడలను పట్టించుకోకపోవడం పెద్ద లోపం. పేరులేని మగవాడిని చూసి బట్టా క్రాఫూ ఎంచుకోవడం జనానికి అలవాటే. పత్రికే ఆ అలవాటు దాకా రాలేదు.

బయటి పత్రికలు నడిచిన దారి

అమెరికాలో ఈ పత్రికలకు మూలం దుకాణం. ‘అపారెల్ ఆర్ట్స్’ 1931లో దుకాణదారులకు బట్టల నమూనాలు చూపడానికి పుట్టింది. దాన్ని దుకాణానికి వచ్చినవాళ్లే చేతిలోకి తీసుకుని తిరగేస్తున్నారని గమనించి, అదే బృందం 1933లో ‘ఎస్క్వైర్’ తెచ్చింది. ‘అపారెల్ ఆర్ట్స్’ కాలక్రమంలో ‘జెంటిల్‌మెన్స్ క్వార్టర్లీ’ అయి, తర్వాత జీక్యూగా కుదించుకుంది. ఈ పాయలో మోడల్ అంటే మాట్లాడే హ్యాంగర్, అంతే.

రెండో పాయ చాటుగా పారింది. లాస్ ఏంజిలిస్‌లో బాబ్ మైజర్ 1951 నుంచి ‘ఫిజీక్ పిక్టోరియల్’ నడిపాడు. పైకి వ్యాయామ పత్రిక. కొన్నవాళ్లలో చాలామంది మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు. ఇలాంటి పత్రికలను తపాలాలో పంపకుండా అడ్డుకోవడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1962లో తీర్పిచ్చింది.

మూడోది లండన్ వీధి. 1980లో ‘ది ఫేస్’, ‘ఐ-డీ’ వచ్చాయి. ‘ఐ-డీ’ తొలి సంచికల్లో దారిన పోయేవాళ్లను గోడకు నిలబెట్టి, తల నుంచి కాలి దాకా ఫొటో తీసి, ఏం తొడుక్కున్నారో ఎక్కడ కొన్నారో అడిగి అచ్చువేశారు. పురుష ఫ్యాషన్ బొమ్మల్లో ఇంతకన్నా తక్కువ ఖర్చుతో జరిగిన పెద్ద మార్పు లేదు. 1982లో బ్రూస్ వెబర్ తీసిన కాల్విన్ క్లైన్ లోదుస్తుల ప్రకటన న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నిలువెత్తున లేచింది. అందులో ఉన్నది పోల్‌వాల్ట్ ఆటగాడు టామ్ హింట్‌నాస్. 1986లో ‘అరీనా’, 1994లో దాని ఫ్యాషన్ సంచిక ‘అరీనా ఓమ్ ప్లస్’ వచ్చాయి. ముస్తాబయ్యే నగర పురుషుడికి మార్క్ సింప్సన్ ‘మెట్రోసెక్సువల్’ అని పేరు పెట్టిందీ 1994లోనే.

ఈనాటి అర్థంలో స్వతంత్ర పురుష పత్రికకు నమూనా ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చింది. గెర్ట్ యోంకర్స్, యోప్ వాన్ బెన్నెకోమ్ 2001లో స్వలింగ సంపర్కులైన మగవాళ్ల కోసం గులాబీ రంగు కాగితం మీద ‘బట్’ వేశారు. 2005లో ‘ఫెంటాస్టిక్ మ్యాన్’ మొదలుపెట్టారు. ఇందులో వింతేమిటంటే, పేరులేని యువ మోడళ్ల కంటే నలభై, యాభై దాటిన రచయితలు, చిత్రకారులు, వాస్తుశిల్పులు తమ సొంత బట్టల్లో ఎక్కువ కనిపించారు. మోడళ్ల పత్రిక అని పేరుపడ్డ కోవలో అందరూ ఎక్కువగా అనుసరించిన పత్రిక మళ్లీ పేరున్నవాళ్లనే ఆశ్రయించింది. తెలుగు పత్రికకు హీరోతో ఉన్న చిక్కు తెలుగుకే పరిమితం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

భారతదేశంలో మగ మోడళ్ల ముఖాలను తయారుచేసింది పత్రికలకన్నా ముందు సూటింగుల కంపెనీలు. రేమండ్ వారి ‘కంప్లీట్ మ్యాన్’ 1990ల మధ్యతరగతి మగవాడికి నెమ్మదితనం నేర్పాడు. జాతీయ స్థాయి ఈతగాడు మిలింద్ సోమన్, ‘గ్లాడ్‌రాగ్స్’ పోటీలో 1999లో గెలిచిన జాన్ అబ్రహం ఆ దశాబ్దపు పేర్లు. ‘మ్యాన్స్ వరల్డ్’ 2000లో, జీక్యూ భారత సంచిక 2008లో వచ్చాయి. రెండూ ఇంగ్లిష్‌వే. హైదరాబాద్‌లో పుట్టిన రోహిత్ ఖండేల్వాల్ 2016లో ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో మిస్టర్ వరల్డ్ గెలిచిన తొలి భారతీయుడయ్యాడు. దీని మీద తెలుగు పత్రికలు వార్తలు రాశాయి. మోడలింగ్ అనే పని మీద, అందులో దొరికే కూలి మీద రాసింది తక్కువ.

నాలుగు వాదాలు

మొదటిది వర్తక వాదం. పత్రిక అంటే అమ్మకానికి ఆసరా, మోడల్ అంటే కొలత. ఆరడుగులకు అటూఇటూ ఎత్తు, నమూనాగా కుట్టిన చొక్కా పట్టే ఛాతీ, అంతే కావాలి. ఈ వాదం నిజాయితీ గలది, ఎందుకంటే తానేం చేస్తోందో దాచదు. కొలతను ఎవరు నిర్ణయించారని మాత్రం అడగదు. 2000 తర్వాత డియోర్ ఓమ్‌లో డిజైనర్ హెడీ స్లిమాన్ సన్నగా, పీలగా ఉన్న కుర్రాళ్లకు కోట్లు కుట్టగానే ప్రపంచమంతా మగ మోడళ్ల కొలత మారిపోయింది. అదే కాలంలో తెలుగు తెర కండల వైపు నడిచింది. దుకాణాల్లో మాత్రం నలభై రెండు, నలభై నాలుగు సైజులే అమ్ముడుపోతూ వచ్చాయి.

రెండోది చూపు వాదం, నాలుగింటిలో ఎక్కువ ఆలోచింపజేసేది. కళా విమర్శకుడు జాన్ బెర్జర్ 1972లో, సినీ సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో చెప్పినదాని ప్రకారం చూసేవాడు మగవాడు, చూడబడేది స్త్రీ. మగవాడే చూడబడితే ఏమవుతుందని రిచర్డ్ డయర్ 1982లో అడిగాడు. మగవాళ్ల పిన్-అప్ బొమ్మలు పరిశీలిస్తే వాళ్లు కెమెరాకేసి చూడరు, పైకో పక్కకో చూస్తారు. చూసినా ఎదిరిస్తున్నట్టు చూస్తారు. పడుకున్నా కండ బిగించి ఉంటారు. తీరిగ్గా ఉన్నప్పుడు కూడా ఏదో పనిలో ఉన్నట్టే కనిపిస్తారు. తెలుగు ఫ్లెక్సీలకు ఈ పరిశీలన అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. పుట్టినరోజు ఫ్లెక్సీలో అన్న నల్లకళ్లద్దాలు పెట్టుకుని నడిచి వస్తూ ఉంటాడు, లేదా ఫోన్ మాట్లాడుతూ ఉంటాడు. ఊరికే నిలబడి కనిపించడం నామోషీ. తెలుగు పట్టణాల్లో మగవాడి ముస్తాబును బహిరంగంగా చూపే మాధ్యమం ఫ్లెక్సీయే. దాని కింద ఎప్పుడూ పేరుంటుంది, పేరు ముందు పదవి ఉంటుంది.

విముక్తి వాదం మూడోది. మగవాడు అందంగా కనిపించడం, కనిపించాలని కోరుకోవడం, మరో మగవాడు అతణ్ని ఇష్టంగా చూడడం తప్పు కాదని చెప్పేది ఇలాంటి పత్రికలేనని దీని భావం. ‘ఫిజీక్ పిక్టోరియల్’ నుంచి ‘బట్’ దాకా ఉన్న వంశవృక్షం ఇదే. మన దేశంలో అశోక్ రావ్ కవి 1990లో ‘బాంబే దోస్త్’ను తెచ్చింది ఫ్యాషన్ కోసం కాదు, మనిషిగా గుర్తింపు కోసం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను సడలించాక ఈ పాఠకుల గురించి పైకి మాట్లాడటం తేలికైంది. మార్కెట్ కోసమైనా ఈ సంగతి ఒప్పుకోవాలి, ఎందుకంటే పురుష ఫ్యాషన్ పత్రికలను నిలబెట్టిన తొలి నమ్మకమైన కొనుగోలుదారులు చాలా దేశాల్లో వీళ్లే. పత్రికలు మాత్రం చాలాకాలం వీళ్లను ముఖచిత్రంతో పిలిచి, సంపాదకీయంలో గుర్తుపట్టనట్టు నటించాయి. వ్యతిరేక పక్షానికీ బలం ఉంది. 2000లో వచ్చిన ‘ది అడోనిస్ కాంప్లెక్స్’ పుస్తకంలో హారిసన్ పోప్, మరో ఇద్దరు పరిశోధకులు మలచిన కండల బొమ్మలు చూసిచూసి మగపిల్లలు తమ ఒంటిని తామే అసహ్యించుకోవడం గురించి వివరించారు. పాత సంకెళ్లు తెంచే బొమ్మే కొత్త సంకెల కూడా కావచ్చు.

నాలుగో వాదం స్థానికతది. మగ మోడల్ అంటే తెల్లగా, పొడుగ్గా, నగరవాసిలా ఎందుకుండాలని దీని ప్రశ్న. ఇమామీ ‘ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్’ పేరుతో మగవాళ్లకు తెల్లబడే క్రీమ్ తెచ్చింది 2005లో. నల్లనివాళ్లను చూపించాల్సి వస్తే తెల్లని నటుడికి నల్లరంగు పూయడం సినిమా పద్ధతి. గడి లుంగీ ‘రంగస్థలం’, ‘పుష్ప’ సినిమాలతో ఫ్యాషన్ అయింది కాని, రోజూ కట్టుకునేవాళ్లు ఆ బొమ్మలోకి రాలేదు. పోచంపల్లి చొక్కా, మంగళగిరి పంచె, పొందూరు ఖద్దరు లాంటివాటిని ఎలా చూపాలన్నదాంట్లో ఈ వాదులు రెండుగా చీలతారు. నేతను గొప్పగా చూపాలనేది ఒక పక్షం, నేసినవాడినే తొడుక్కోమనేది రెండో పక్షం. నేత పేరుతో వచ్చిన ఫొటోల్లో మగ్గం ముందు మోడల్ నిలబడి ఉంటే నేతగాడు వెనకాల మసగ్గా ఉండటం చూసినవాళ్లకు రెండో పక్షం కోపం అర్థమవుతుంది.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే మోడల్ వర్తక వాదికి కొలత, చూపు వాదికి ప్రశ్న, విముక్తి వాదికి ధైర్యం, స్థానిక వాదికి పొరుగువాడు. చదువరి మాత్రం నలుగురికీ ఒక్కడే, బట్ట కొనేవాడు.

బొగ్గు పట్టీలో ఇదే ప్రశ్న

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో పాత ఖిల్లా ఒక పక్క, సింగరేణి మూడో రామగుండం ఏరియాకు చెందిన సెంటినరీ కాలనీ ఒక పక్క. రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి ఏటా దసరా ముందు కార్మికులకు లాభాల వాటా ఇస్తుంది. 2024లో అది 33 శాతం. దీపావళికి బోనస్ వేరు. ఈ రెండు పండగల నడుమ గోదావరిఖని బట్టల దుకాణాల్లో రద్దీకి లోటుండదు. కొనేవాళ్లు లేరన్న మాట ఇక్కడ నిలవదు. ఉన్నవాళ్లు పత్రిక చూసి కొంటారా అన్నదే ప్రశ్న.

గని మనిషికి రెండు వేషాలు. బాయిలోకి దిగేటప్పుడు తలకు టోపీ, టోపీకి దీపం, నడుముకు బ్యాటరీ బెల్టు, కాళ్లకు బూట్లు. డూటీ దిగి తానం చేసి బయటికి వచ్చేటప్పుడు ఇస్త్రీ అంగీ, జేబులో దస్తీ. కథలూ పాటలూ ఫొటోలూ పట్టుకున్నది మొదటి వేషాన్నే. కథకుడు అల్లం రాజయ్య మొదలుకొని ఈ పట్టీ మీద రాసినవాళ్లకు కార్మికుడి ఒళ్లు కష్టానికి, పోరాటానికి గుర్తు. అది న్యాయమే. కాని డూటీ దిగినవాడి ఇస్త్రీ అంగీకి సాహిత్యంలోనూ ఫొటోలోనూ చోటు దొరకలేదు. మసి కడుక్కుని తెల్లచొక్కా తొడగడంలో ఉన్న పట్టుదల ఫ్యాషన్ కాకపోతే మరేది ఫ్యాషన్ అని స్థానిక వాదులు అడగవచ్చు.

ఒళ్లు చూపించడం ఈ పట్టీకి కొత్తేమీ కాదు. బొగ్గు సంస్థల క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్, బాడీబిల్డింగ్ ఉంటాయి. కార్మికుడు వేదిక మీద ఒంటికి నూనె రాసుకుని నిలబడితే కాలనీ అంతా చప్పట్లు కొడుతుంది. కోడి రామమూర్తి నాటి ఒప్పందమే ఇది. బలం పేరుతో ఏమైనా చూడవచ్చు. అదే మనిషి పువ్వుల చొక్కాలో, కండ బిగించకుండా పత్రికలో కనిపిస్తే ఆ చప్పట్లు ఉంటాయా అన్నది డయర్ ప్రశ్నకు గోదావరిఖని రూపం.

గని దుస్తులు ఫ్యాషన్ కావడమూ కొత్త కాదు. లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ 1873లో రాగి రివెట్లు కొట్టి పేటెంటు పొందిన లాగులు అమెరికా గని పనివాళ్లూ కూలీలూ తొడిగినవి. వాటినే ఇప్పుడు జీన్స్ అంటున్నారు. ఎదురు దారిలో నడిచిన కథ 2001 నాటి హాస్య చిత్రం ‘జూలాండర్’ది. పేరున్న మగ మోడల్ ఒకడు ఫ్యాషన్ మీద విరక్తి పుట్టి తండ్రీ అన్నదమ్ములూ పనిచేసే బొగ్గు గనికి తిరిగి వెళతాడు. ప్రకటనలో కొడుకును మత్స్యకన్య వేషంలో చూసి తండ్రి తలదించుకుంటాడు. నవ్వు కోసం రాసిన సన్నివేశమే అయినా గని పట్టీలో మగతనానికీ మోడలింగుకూ ఉన్న ఎడాన్ని అంత సూటిగా చూపినవి అరుదు.

2023లో ‘దసరా’ సినిమా గోదావరిఖని దగ్గరి బొగ్గు పల్లెను తెర మీదికి తెచ్చింది. మసిబారిన ఒళ్లు, మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, చెదిరిన జుట్టుతో నాని కనిపించారు. ఈ ప్రాంతపు మగవాడి రూపానికి దొరికిన పెద్ద ప్రచారం అదే. విముక్తి వాదికీ స్థానిక వాదికీ ఇక్కడ ఒకటే ఫిర్యాదు. పట్టీ మగవాడంటే మళ్లీ మసి, మళ్లీ మందు, మళ్లీ కత్తి.

కార్మికుణ్ని ఫొటో తీయడానికి ప్రపంచంలో కనీసం మూడు దారులున్నాయి. ఇర్వింగ్ పెన్ 1950, 51లలో పనివాళ్లను వాళ్ల పని దుస్తుల్లోనే స్టూడియోకు పిలిచి, ఫ్యాషన్ మోడళ్లకు వాడే వెలుగులోనే తీశాడు. రిచర్డ్ అవెడాన్ 1985లో అచ్చువేసిన అమెరికా పశ్చిమ ప్రాంతపు పుస్తకంలో బొగ్గు కార్మికులు తెల్లటి తెర ముందు మసితోనే నిలబడ్డారు. సెబాస్టియావో సల్గాడో 1993 నాటి ‘వర్కర్స్’లో ధన్‌బాద్ గని మనుషులు ఉన్నారు. అక్కడ మనిషి శ్రమ నుంచి విడిపడడు. రామగిరిలో పత్రిక పెట్టేవాడు ఏ దారి పట్టినా విమర్శ తప్పదు. పెన్ దారి పడితే పనిబట్టను సోకు చేశావంటారు, అవెడాన్ దారిలో జాలి పడ్డావంటారు, సల్గాడో దారిలో ఇది ఫ్యాషన్ పత్రికే కాదంటారు. ‘ఐ-డీ’ గోడ దారి ఒక్కటే వీటి పక్కనుంచి తప్పుకుపోతుంది. మనిషిని అతను ఎంచుకున్న బట్టలోనే నిలబెట్టి, ఏం తొడిగావని అడగడం ఆ దారి. అందుకు కావలసిన కెమెరాలూ చేయి తిరిగినవాళ్లూ పట్టీలో ఉన్నారు. పెళ్లి ఫొటోగ్రాఫర్లే వాళ్లు. ప్రీ-వెడ్డింగ్ షూట్ పుణ్యమా అని మామూలు ఇంటి కుర్రాడు కూడా జీవితంలో ఒక్కరోజు మోడల్‌లా నిలబడటం నేర్చుకున్నాడు.

చట్టం, డబ్బు

అసభ్యత మాట ముందుగా. స్త్రీలను అసభ్యంగా చూపడాన్ని నిషేధిస్తూ 1986లో ప్రత్యేక చట్టం వచ్చింది. మగవాళ్లకు అలాంటిది లేదు. వాళ్ల బొమ్మలకు వర్తించేది సాధారణ అశ్లీల నిబంధన, ఒకప్పటి శిక్షాస్మృతి 292, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 294. 1995లో మిలింద్ సోమన్, మోడల్ మధు సప్రే ఒంటికి కొండచిలువను చుట్టుకుని, కాళ్లకు బూట్లు మాత్రమే వేసుకుని నిలబడ్డ టఫ్ షూస్ ప్రకటన మీద కేసు నడిచి 2009లో వాళ్లు నిర్దోషులని తేలింది. ఫొటో చూడటానికి పట్టేది ఒక్క క్షణం, అశ్లీలం కాదని తేలడానికి పద్నాలుగేళ్లు. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు అశ్లీలాన్ని తేల్చే పాత హిక్లిన్ కొలమానాన్ని వదిలి, సమకాలీన సమాజ ప్రమాణాలతో చూడాలంది. దుస్తులు వేసుకున్న మగవాళ్ల పత్రికకు చట్టం నిజానికి అడ్డు కాదు. అడ్డుగా చెప్పుకోవడానికి మాత్రం పనికొస్తోంది.

నమోదు కూడా పెద్ద చిక్కేమీ కాదు. 1867 నాటి చట్టం పోయి 2023 పత్రికల నమోదు చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. అచ్చు పత్రిక మీద జీఎస్టీ లేదు, అందులో ప్రకటన స్థలం అమ్మితే 5 శాతం. అసలు కష్టం ఆర్ట్ పేపరు ఖర్చు, పంపిణీ. తెలుగు పత్రిక బతికింది ఏజెంటు, బస్టాండు దుకాణం, రైల్వే బుక్‌స్టాల్ మీద. కరోనా తర్వాత పలు తెలుగు వారపత్రికలు అచ్చు ఆపేయడంతో ఆ దారులూ సన్నబడ్డాయి. బయటి దేశాల స్వతంత్ర పత్రికలు పాఠకుడి డబ్బుతో కాక, నాలుగైదు పెద్ద బ్రాండ్ల ప్రకటనలతో నిలుస్తాయి. ఆ బ్రాండ్ల బట్టలు లోపలి పేజీల్లో మోడళ్ల ఒంటి మీద కూడా కనిపిస్తాయి. స్వతంత్రం అన్న విశేషణానికి ఇక్కడే చిల్లు పడుతుంది. తెలుగు పత్రికకు ప్రకటన ఇవ్వగలిగినవి షాపింగ్ మాళ్లు. వాటికి హీరో కావాలి.

మోడల్ కూలి గురించి అందరూ తక్కువ మాట్లాడతారు. ఫ్యాషన్‌లో మగవాడి సంపాదన సాధారణంగా స్త్రీ కంటే తక్కువ, మగవాడు వెనకబడిన అరుదైన వృత్తుల్లో ఇదొకటి. పత్రికల ఫొటోలకైతే పేరొస్తుందన్న ఆశ చూపించి నామమాత్రం ఇవ్వడం లోకమంతటా ఉన్న అలవాటు. హాజరు పడితే కూలి లెక్కకట్టే బొగ్గు పట్టీలో ఈ అలవాటును సమర్థించడం కష్టం.

తేలనివి

అచ్చు కావాలా అన్నది మొదటిది. ఫోన్‌లో రీల్స్ చేసే కుర్రాడు తన ఫొటోగ్రాఫరూ తానే, సంపాదకుడూ తానే. పత్రిక అక్కర్లేదనేవాళ్లకు ఇది చాలు. కాని అక్కడ ఎవరిని చూపాలో లెక్కగట్టేది కంపెనీ యంత్రం. ఎంపికకు జవాబుదారీ వహించే మనిషి ఉండడు.

భాష రెండోది. కాలరు, కఫ్, ప్లీట్ లాంటి మాటలను దర్జీలు ఎప్పుడో తెలుగు చేసేసుకున్నారు. మగవాడి అందం గురించి మెచ్చుకోలుగా చెప్పే మాటలే కొరత. సోకు అంటే ఎత్తిపొడుపు, షోకిల్లా అంటే వెటకారం, సోకులరాయుడు అంటే పనికిమాలినవాడు. తెలంగాణలో “మస్తు తయ్యారైండు” అన్న మాట ఒక్కటే నిందకూ మెప్పుకూ నడుమ మెతగ్గా నిలుస్తుంది.

మూడోది ఫొటో కింద రాసే వరుస. సెంటినరీ కాలనీలో ఇస్త్రీ అంగీతో నిలబడ్డ మనిషి బొమ్మ కింద ‘గని కార్మికుడు’ అని వేస్తే అది వార్తా ఫొటో. పేరూ ఏరియా వేస్తే ఊళ్లో తెలిసినవాళ్లకు చూపుకునే ఫొటో, మరో రకం ఫ్లెక్సీ. అంగీ ఏ నేత, ఎవరు కుట్టారు, ధరెంత అని మాత్రమే వేస్తే అతను మోడల్. వర్తక వాదికి మూడోది చాలు. స్థానిక వాది రెండోది లేకుండా ఒప్పుకోడు. విముక్తి వాది ఆ మనిషినే అడగమంటాడు, పేరు బయటపడితే ఇంట్లోనూ బాయి దగ్గరా పడాల్సిన మాటలు అతనివే కాబట్టి. చూపు వాది వరుస సంగతి పక్కన పెట్టి, అతను కెమెరాకేసి చూస్తున్నాడా లేదా అని ఫొటోలోకి తొంగిచూస్తాడు.